సున్నం బొట్లు

గాలివాన వెళ్ళిపోయిన నాలుగో నాడు
వీఆర్వో బాబు టేపు పట్టుకుని మా తోటకొచ్చేడు.
వెనకాల ఒక గుంటడు, చేతిలో సున్నం డబ్బా.
పడిపోయిన కొబ్బరిచెట్టుకల్లా ఒక బొట్టు.
పదిహేడు బొట్లు.
ఎవరు పడగొట్టేరని అడగలేదు.
నీళ్ళు సరిగ్గా కట్టలేదా,
ముందే తెల్లదోమ పట్టి ఉందా,
ఏదీ అడగలేదు.
పేరు రాసుకున్నాడు, బ్యాంకు పుస్తకం నకలు తీసుకున్నాడు,
మజ్జిగ తాగి వెళ్ళిపోయేడు.
ఆలిస్యంగానైనా డబ్బులు పడ్డాయి.

ఆ రోజు నా చంకలో ఢిల్లేసు, ఐదో నెల.
వాడి కుడిచెయ్యి వేలాడుతోంది.
బాబు దాన్నీ చూసేడు.
దానికి గడి లేదు ఆ కాగితంలో.

కాశీబుగ్గ నర్సింగ్ హోంలో
తల వచ్చేసింది, భుజం రాలేదు.
నా ఎముక వెనకాల ఇరుక్కుపోయేడు నా బిడ్డ.
డాక్టరమ్మ ఇంకా దారిలో ఉంది.
సిస్టర్ దీనమ్మ నా మోకాళ్ళు పొట్ట మీదకి మడిచి
"ఊపిరి బిగబట్టు తల్లీ" అని
తనూ బిగబట్టింది.
నాలుగు నిమిషాలట, ఫైల్లో రాసుంది.
నాకు మటుకు శివరాత్రి జాగారమంత.
లాగింది. వచ్చేడు. ఏడ్చేడు.
కుడిచెయ్యి ఏడవలేదు.

"లాగడం ఎక్కువైందా, ఆలస్యమైందా,
ఎవరిదో ఒకరిది తప్పని తేలాల కూర్మమ్మా" అన్నారు
పాత్రో లాయరు గారు.
"తేలితే లక్షలు. తేలకపోతే
దారి ఖర్చులు కూడా మనవే."

జీడిపప్పు ఒలిచే చేతులు నావి.
ఎంత జాగ్రత్తగా ఒలిచినా
పదింట్లో ఒకటి బద్దవుతాది.
కొన్ని నా తొందరకి అవుతాయి.
కొన్ని ఎందుకవుతాయో
ఇరవయ్యేళ్ళయి ఒలుస్తున్నాను, తెలీలేదు.

మా ఆయన ఒప్పుకోడు.
"గాలికి బుద్ధి చెప్పలేం, మనిషికి చెప్పాల కాదేటి?
రెండూళ్ళలో రెండాస్పత్రులు పెట్టుకుని
రేపు ఇంకొకర్తి నొప్పులకీ
దారిలోనే ఉంటాది ఆవిడ."
నిజమే. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.
చెప్పాల్సినోళ్ళు చెప్పాల, గట్టిగా చెప్పాల.
కానీ అది తేలేదాకా
వీడి భుజం ఎందుకు కూర్చోవాల కోర్టు వరండాలో?
వాయిదా పడ్డ రోజు కూలి పోతాది,
కూలి పోయిన వారం కసరత్తు డాక్టరు పోతాడు.
నరాలకి వాయిదాలు తెలీవు.

మొన్న శ్రీకాకుళం కాంప్లెక్సులో
పలాస బస్సు కోసం నాను. అదే బస్సుకి దీనమ్మ.
ఒకటే సీటు ఖాళీ, ఇద్దరు పట్టే సీటు.
మధ్యలో తన సంచీ పెట్టుకుంది.
క్షమించమంటే తప్పొప్పుకున్నట్టేనని వాళ్ళ లాయరు.
పలకరిస్తే కేసు పల్చబడిపోతాదని మా లాయరు.
నరసన్నపేట వెళ్ళిపోయింది.
కోటబొమ్మాళి వెళ్ళిపోయింది.
టెక్కలి దాటేక, కిటికీలోకి చూస్తూనే అడిగింది,
"ఎంతవరకు ఎత్తుతున్నాడు?"

నాను నోరు విప్పలేదు.
నా కుడిచెయ్యి మెల్లగా ఎత్తి
చెవి దాకా తెచ్చి
ఆపేను.
కండక్టరు ఆగమన్నాననుకుని విజిలేసేడు.

మా ఇంటి పడమటి గోడ ఉంది.
ఆదివారం ఆదివారం ఢిల్లేసు
కుడిచేతి వేళ్ళతో దాని మీదకి చీమలాగ ఎక్కుతాడు.
ఆగిన చోట నాను సున్నం బొట్టు పెడతాను.
జ్వరమొచ్చిన నెల బొట్టు కిందకి దిగింది,
దాన్నీ చెరపలేదు.

ఎవరైనా టేపు పట్టుకుని వస్తే
లెక్క రాసుకోవచ్చు.
మజ్జిగ ఇస్తాను.